బొమ్మ లేని మాట

గది తలుపు పూర్తిగా పడలేదు. ఆ సందులోంచి రవళి గొంతు వినబడుతోంది, దానికి బదులుగా ఇస్తారి గొంతు కూడా. కాంతవ్వ కూర్చున్న బెంచీ మీది నుంచి మాత్రం అతని వీపూ, కుర్చీ పక్కకి వేలాడుతున్న ఒక చెయ్యీ తప్ప ఇంకేమీ కనబడటం లేదు. ఆమెను బయట కూర్చోమన్నది రవళే. "మీరు లోపలుంటే అంకుల్ ప్రతిసారీ మీ మొహం చూస్తున్నారు ఆంటీ, మీరేమో పెదాలు కదుపుతున్నారు" అంది, కసురుకోకుండానే. పెదాలు కదుపుతున్నట్టు కాంతవ్వకు తెలియనే తెలియదు. మహారాష్ట్రలోని భీవండిలో మరమగ్గాల కార్ఖానా పక్కన పుట్టి పెరిగిన మనిషి. అక్కడ ఆ చప్పుడులో ఎవరి గొంతూ ఎవరికీ వినబడదు, తల్లి గుమ్మంలో నిలబడి అన్నానికి రమ్మని ఉత్త పెదాలతో అంటే తండ్రి అవతలి గోడ దగ్గర్నుంచి తలూపేవాడు, అట్లా గొంతు లేకుండా చెప్పడం ఆమెకు మాటలకన్నా ముందే వచ్చింది. ముప్పై ఏళ్ల పైన కాపురం చేసిన మనిషి ముందు ఒక బొమ్మ పెట్టి ఇదేంటని అడుగుతుంటే, ఆయన తెలియక దిక్కులు చూస్తుంటే, పెదాలు ఊరికే ఎట్లా ఉంటాయి. లోపల కాగితం తిప్పిన చప్పుడు. "ఇది అంకుల్?" "గుర్రం." మళ్లీ కాగితం. "ఇది?" "గిది సుత గుర్రమే." అది ఒంటె కావచ్చు, ఏనుగు కూడా కావచ్చు. "మరి ఇది?" "కుక్క" అన్నాడు ఇస్తారి, ఏ తడబాటూ లేకుండా, గిరాకీ ఛాతీ కొలత చెప్పినట్టు. కాంతవ్వ పెదాలు బిగించుకుని కిటికీ వైపు తిరిగింది. బయట పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద బండ్లు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయి ఉన్నాయి, ఆ పైనుంచి మెట్రో రైలు పోతుంటే కిటికీ అద్దం సన్నగా వణికింది.

వయసనుకుంది, చాలా రోజులు. అరవై దాటినంక ఎవరికైనా ఇంతే కదా, తనకే ఈమధ్య పక్కింటామె పేరు నోట్లోకి రాక, ఆమె ఎదురొస్తుంటే నవ్వి ఊరుకోవడం లేదా. ఆ మాటే మొదటి రోజు రవళితో చెప్పింది. డాక్టరు మందు లేదని చెప్పి, కనీసం ఈ అమ్మాయి దగ్గర చూడండి, మాటల మీద పరిశోధన చేస్తోంది, వయసు పైబడినవాళ్లకు మాటలు ఎట్లా పోతాయి, మళ్లీ ఎట్లా నేర్చుకోగలరు అని చూస్తోంది, అంటూ ఈ మూడో అంతస్తుకు పంపించిన రోజు. రవళి విజయవాడ పిల్ల, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఓపికగా చెప్పింది. పేరు గుర్తుకు రాకపోవడం వేరట, మాటలోంచి అర్థమే పోవడం వేరట. "నాలిక మీదే ఉంది, రావట్లేదు అంటాం చూడండి, అది వయసు ఆంటీ. అది మీకూ వస్తుంది, నాకూ వస్తుంది. అర్థాలు మాత్రం వయసుతో తగ్గవు, ఇంకా పెరుగుతాయి. నాకన్నా మీకే ఎక్కువ మాటలు తెలుసు." ఆ మాటకు కాంతవ్వకు లోలోపల కొంచెం గర్వమనిపించింది కూడా. ఆ గర్వం ఇంకా పోకముందే అడిగింది, మరి మా ఆయనకు అని. రవళి కళ్లద్దాలు కిందికి దించుకుంది. "అంకుల్‌ది వయసు కాదు" అంది. అంతే అంది. అప్పుడు కూడా ఇస్తారి పక్కనే కూర్చుని, ఇద్దరి మొహాలూ చూసి నవ్వుతూ "ఏం ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. ఆ మాట ఇంకా ఉంది ఆయన దగ్గర. గుమ్మంలోకి ఎవరొచ్చినా అదే అంటాడు, కరెంటు పోయినా అంటాడు, కూతురు బిందు ఫోన్ చేసి "బాపూ, తిన్నవా" అంటే దానికీ అదే అంటాడు. రవళి ఆ రోజు ఆగి, "ఫికర్ అంటే ఏంటి అంకుల్?" అని అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ఫికర్... గదేందో, గది చెయ్యొద్దు" అన్నాడు. రవళి రాసుకోవడం ఆపేసింది.

ఈ రోజు తలుపు వేస్తూ ఒక పని అప్పజెప్పింది. లోపల పరీక్ష అయ్యేలోపు పది మాటలు ఆలోచించి పెట్టమంది. అవి రోజూ పొద్దునా సాయంత్రం బొమ్మ చూపించి, పేరు చెప్పి, ఆయనతో చెప్పించాలి, అట్లా చేస్తే ఆ పదీ నిలబడతాయట. చేసినన్నాళ్లే. ఆపితే అవీ పోతాయి. ఆ పది నేర్చుకున్నంత మాత్రాన పదకొండోది దానంతటది రాదు. "అంటే తక్కినయన్నీ?" అని అడగబోయి అడగలేదు కాంతవ్వ. రాసిపెట్టుకోవడానికి రవళి కాగితం ఇవ్వబోతే వద్దంది. తెలుగు మాట్లాడటం వచ్చింది గాని రాయడం రాలేదు, చదివిన నాలుగు తరగతులూ మరాఠీలోనే. వేళ్ల మీద పెట్టుకుంటానంది. ఇప్పుడు బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీద పెట్టుకుని కూర్చుంది, అది అక్కణ్నుంచి కదలడం లేదు. పది మాటలు. బజారుకు పోతేనే పది వస్తువులు గుర్తుంటాయి. కాని ఇది ఏం తెచ్చుకోవాలో కాదు, ఒక ఇల్లు మునిగిపోతుంటే ఏ పది పట్టుకుని బయటికి రావాలో చెప్పమన్నట్టుంది. పట్టుకొచ్చిన పదీ మళ్లీ రోజూ మోయాలి, దించితే మునుగుతాయి.

మొదట పోయిన మాట కాలర్. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో వాళ్ల టైలర్ దుకాణం, దాని మీదే ఇల్లు. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు, కొత్త భాషో, కంప్యూటరు పనో నేర్చుకుని, ఇంటర్వ్యూ దగ్గరపడ్డాక గుడ్డ పట్టుకుని వస్తారు. అట్లా వచ్చిన వరంగల్ అబ్బాయి ఒకతను, కాలర్ జర చిన్నగా పెట్టు అంకుల్ అన్నాడు. ఇస్తారి అతని మెడ చుట్టూ టేపు వేసి పట్టుకునే, "కాలర్ అంటే?" అని అడిగాడు. ఆ అబ్బాయి నవ్వాడు. మిషన్ దగ్గర గుండీలు కుడుతున్న కాంతవ్వ కూడా నవ్వింది, ఈయనకు పిల్లలతో పరాచికాలెక్కువ అనుకుని. ఆ సాయంత్రం ఆయనే ఆ చొక్కాకు కాలర్ కుట్టాడు, రెండు మొనలూ సమానంగా, ఎక్కడా ముడత లేకుండా, వేళ్లకు అంతా తెలుసు. ఆ మాటే తెలియదు. తర్వాత చిలుకా కాకీ ఒకటే అయిపోయి రెండూ పిట్టలయ్యాయి, కొన్నాళ్లకు పిట్టా కోడీ ఒకటయ్యాయి. ఒక రోజు గంపలోంచి నిమ్మకాయ తీసి తొక్కతోనే కొరికాడు, మొహమంతా ముడుచుకుని, అయినా నమిలి మింగి, "గిది మంచిగ లేదు" అన్నాడు, ఆమె వండిన కూరకు వంక పెట్టినట్టు. బిందు ఆ రోజు బేగంపేటలో హోటల్ డ్యూటీ అయిపోయి వచ్చి, చెంపలకు చేతులు ఆనించుకుని కూర్చుంది. డాక్టర్ను వెతికింది తనే. వాళ్ల సందు సందంతా గోడల మీద బోర్డులే, నెల రోజుల్లో ఇంగ్లిష్, జర్మన్ వస్తే ఉద్యోగం గ్యారంటీ, పొద్దున్నే చెవుల్లో ఏవో పెట్టుకుని మాటలు వల్లెవేసుకుంటూ నడిచిపోయే పిల్లలు, ఎవరిని చూసినా మాటలు పోగేసుకునే పనిలోనే ఉంటారు. కాంతవ్వ దుకాణం షట్టర్ ఎత్తుతూ వాళ్లను చూసినప్పుడల్లా ఒకప్పుడు తనూ ఇట్లాగే పోగేసుకున్న సంగతి గుర్తొస్తుంది.

పెళ్లయి సిరిసిల్లకు వచ్చిన కొత్తలో. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు భీవండిలో కూడా, కానీ తల్లి తొందరగా పోయింది, ఆ తర్వాత ఇంటికంటే వాడకట్టులోనే పెరిగింది, ఆ వాడకట్టంతా మరాఠీ. అత్త చాట తెమ్మంటే చీపురు తెచ్చింది. చీపురు తెమ్మంటే ఏం తేవాలో తెలియక నిలబడింది. గంటె అంటే గుడి గంట అనుకుంది, భీవండిలో దాన్ని పళీ అనేవాళ్లు. అత్త కసురుకునేది కాదు, వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది, అది ఇంకా కష్టంగా ఉండేది. అప్పటికింకా టైలర్ పనిలోకి రాని ఇస్తారి సాయంత్రం మగ్గాల దగ్గర్నుంచి వచ్చి, దూది పింజలు తలలో ఉండగానే, వంటింట్లోంచి ఒక్కో సామాను తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు. ఇది గంటె. ఇది చాట. ఇది మూకుడు. ఆమె చెప్పేది, తప్పు చెప్తే ఆయన మూకుడు తన తలమీదే బోర్లించుకునేవాడు, ఆమెకు నవ్వాగక మాట సరిగ్గా వచ్చేది కాదు. అప్పుడు ఎన్ని మాటలు నేర్చుకుందో ఎవరు లెక్కపెట్టారు. ఒక మాట వస్తే దాని వెనక ఇంకో రెండు వాటంతటవే వచ్చేవి. చాట వచ్చింది, చెరగడం వచ్చింది, ఊక వచ్చింది. నాలుగు నెలలు తిరిగేసరికి అత్తతో కొట్లాడేంత తెలుగు వచ్చింది. ఆయనకు ఒక్క మాట నేర్పితే ఒక్క మాటే, దాని వెనక ఏదీ రాదట.

లోపల ఏదో కింద పడింది. రవళి "పర్లేదు అంకుల్" అంటోంది. కాంతవ్వ లేవబోయి కూర్చుంది. నీళ్లు అనుకుంది. మొదటి కణుపు, నీళ్లు. కాని నీళ్లు కావాలంటే ఆయన వంటింటి వైపు చూస్తాడు, ఆమె తెస్తుంది, ఆ మాటతో పనేముంది. అన్నం అంతే. నిద్ర అంతే. ఆమె ఉన్నంతసేపు ఆయనకు ఏ మాటా అక్కర్లేదు, ఆ సంగతి వేలు నీళ్ల మీద ఉండగానే తట్టింది. ఈ మాటలు ఆమె కోసం కాదు. ఆమె లేని చోటు కోసం. ఆమె లేని రోజు కోసం. షుగర్ ఉంది తనకు, కాలి బొటనవేలు ఎప్పుడూ తిమ్మిరిగా ఉంటుంది. తను ఒక రోజు లేకపోతే, బిందు డ్యూటీలో ఉంటే, ఈయన దుకాణం దిగి నడుచుకుంటూ వచ్చి ఆ కింద కనబడుతున్న చౌరస్తాలో నిలబడితే, ఏ ఆటో అతనో, పోలీసాయనో, ఎక్కడికి పోవాలె పెద్దాయనా అంటే. అయితే అమీర్‌పేట. అయితే ఇస్తారి, ఆయన పేరు ఆయనకు ఉండాలి. బిందు. ఇల్లు. మళ్లీ నీళ్లు, అన్నం, ఎవరినైనా అడగాలంటే కావాలి కదా. బాత్రూం. మందు. ఎనిమిది. తొమ్మిదో కణుపు మీద వేలు పెట్టగానే తన పేరు వచ్చి నిలబడింది, దాన్ని చూసి ఆమెకే సిగ్గేసింది. పదింటిలో తనదొకటి అడగడం, తిండి దగ్గర ముందుగా పీట వేసుకుని కూర్చున్నట్టుగా ఉంది. ఆ పేరుతో పిలిచేదే తక్కువ ఆయన, ఏమే అంటే పలికేది. వద్దనుకుంది. వేలు మళ్లీ తొమ్మిదో కణుపు మీదికే తెచ్చుకుంది.

నొప్పి.

అది ఎట్లా మరిచిపోయింది ఇంతసేపు. పోయిన నెలలో, ఆమె పైన ఉల్లిగడ్డ కోస్తుంటే ఆయన దుకాణంలోంచి మెట్లెక్కి వచ్చి పక్కన నిలబడ్డాడు. "గిక్కడ గది అయితుంది" అన్నాడు. ఆకలనుకుంది. "అయిపోయింది, కూసో, పెడ్త" అంది తల తిప్పకుండానే. ఆయన కూర్చున్నాడు, పెట్టింది తిన్నాడు, ఎడమచేత్తో తింటున్నాడేమిటని కూడా అనుకుంది, ఈమధ్య ఏం చేసినా వింతగానే చేస్తున్నాడు కదా అని ఊరుకుంది. మర్నాడు స్నానానికి చొక్కా విప్పితే కుడి ముంజేయి మీద ఇస్త్రీపెట్టె మొన అచ్చు పడినట్టు బొబ్బ, చుట్టూ ఎర్రగా ఉబ్బి, చొక్కా గుడ్డ దానికి అంటుకుని. రాత్రంతా ఆ చెయ్యితోనే పడుకున్నాడు. మాట గుర్తురాక కాదు, అట్లాంటి మాట ఒకటి ఉందనీ, అది అంటే పక్కనున్నవాళ్లు పరుగెత్తుకొస్తారనీ తెలియక. ఆమె ఆ గుడ్డ తడిపి తడిపి ఊడదీస్తుంటే ఆయన ఊపిరి బిగబట్టాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి, "ఫికర్ చెయ్యకు" అన్నాడు. కొత్త కాపురంలో ఒకసారి ఆమెకు కడుపులో మెలిపెడుతుంటే, నొస్తుంది అనడం రాక, మరాఠీలో అనే దుఖ్తంయ్‌కి తెలుగు తొడిగి "కడుపు దుఃఖమైతుంది" అంది. పుట్టింటి మీద బెంగనుకుని ఆయన ఆ రాత్రే బస్సు కనుక్కోవడానికి పోయాడు. మర్నాటికి గాని అసలు సంగతి తేలలేదు, తేలాక ఆయనా నవ్వాడు, ఆమె కూడా. ఆయన బొబ్బకు మందు రాస్తూ అదంతా గుర్తొచ్చింది గాని నవ్వు రాలేదు. ఒక మాట ఆలస్యంగా నేర్చుకోవడం వేరు, ఇది వేరు.

తలుపు తెరుచుకుంది. రవళి బయటికి వచ్చి బెంచీ మీద పక్కనే కూర్చుంది, అలిసిపోయినట్టు కనబడుతోంది. ఎట్లా చేసిండు అని అడిగితే, పోయినసారి కన్నా కొంచెం తక్కువ బొమ్మలకే పేర్లు చెప్పగలిగారంది, కొంచెం అనే మాటను చాలా జాగ్రత్తగా అంటూ. కాంతవ్వ వేళ్ల మీద తొమ్మిదీ చెప్పింది. రవళి ఫోన్లో రాసుకుంటూ, ఇంటికెళ్లాక నీళ్ల బిందె, మందు డబ్బా, దుకాణం, అన్నిటికీ ఫొటోలు తీసి పంపమంది, బిందు తీసి పంపుతుంది కదా, అట్టముక్కల మీద అచ్చు వేయించి ఇస్తానంది. ఆయన రోజూ చూసే బిందె, ఆయన రోజూ ఎక్కే మెట్లే ఉండాలట, ఎవరిదో బొమ్మ పెడితే ఎక్కదట. తొమ్మిదో మాట దగ్గర ఫోన్ మీద వేలు ఆగింది.

"నొప్పికి బొమ్మ ఉండదు ఆంటీ."

"ఏడ్చేటోళ్లది పెట్టరాదు?"

రవళి లేచి లోపలికెళ్లి వెతికి ఒకటి తెచ్చింది, మోకాలు కొట్టుకుపోయి ఏడుస్తున్న పాప. లోపల కూర్చున్న ఇస్తారికే చూపించింది. "పోరి ఏడుస్తుంది" అన్నాడు ఆయన, జాలిగానే. "ఎందుకు ఏడుస్తోంది అంకుల్?" "ఏమో. వాళ్ల అమ్మ ఏడికో పోయింది." రవళి తిరిగి వచ్చి తల అడ్డంగా ఊపింది. చూపించగలిగిన మాటలతోనే ఈ పద్ధతి నడుస్తుంది, చూపించలేనివాటికి ఏం చెయ్యాలో తమకింకా తెలియదు అంది. ఆ తెలియదు అనడంలో ఆ పిల్ల మొహం ఒక్కసారి బడిపిల్ల మొహమైపోయింది. "దాని బదులు వేరేది చెప్పండి. పదోది కూడా చెప్పలేదు మీరు. మీ పేరు పెట్టుకుందామా?"

"వద్దు బిడ్డా. నొప్పే ఉండనియ్యి."

"కుదరదు ఆంటీ..."

"నేను చూసుకుంట."

ఏం చూసుకుంటుందో ఆమెకే తెలియదు. రవళి తర్వాతివాళ్లు వచ్చారని చెప్పి, ఆమె భుజం మీద చెయ్యి వేసి తీసి, లోపలికి వెళ్లిపోయింది. ఇస్తారి బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఎక్కడున్నాం, ఎందుకొచ్చాం అని అడగలేదు. కిటికీలోంచి కింద చౌరస్తా చూస్తూ, "మస్తు మంది ఉన్నరు" అన్నాడు. అవును, మస్తు మంది. కాంతవ్వ ఆయన ఎడమచెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. మోచేతికి కిందుగా, లోపలి వైపు, ఎండ తగలక మెత్తగా ఉండే చోట చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది. పట్టుకుని అట్లాగే ఆగింది. ఇంతకాలంలో ఆయన మీద చెయ్యి చేసుకున్నది లేదు, ఆయనా ఆమె మీద చేసుకోలేదు, చుట్టుపక్కల ఇండ్లలో అదే మాట గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు. కారిడార్ చివర ఒక ముసలాయన వీల్‌చైర్లో కునుకుతున్నాడు, అంతే.

గిల్లింది. ఇస్తారి చెయ్యి లాక్కోలేదు. మొహం తిప్పి ఆమె కళ్లలోకి చూశాడు, ఎందుకో చెప్తుందని ఎదురుచూస్తున్నట్టు.

"నొప్పి" అంది కాంతవ్వ.

"ఏంది?"

"నొప్పి. గిట్ల అయితే నొప్పి అనాలె. ఎవలున్నా సరే, అనాలె." సరిపోలేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఈసారి గోరు దిగేదాకా పట్టి తిప్పింది. ఆయన పళ్ల సందులోంచి గాలి పీల్చాడు, కనుబొమలు దగ్గరికొచ్చాయి. "నొప్పి" అంది మళ్లీ, పెదాలు పూర్తిగా తెరిచి, పూర్తిగా మూసి.

"నొప్పి" అన్నాడు ఇస్తారి.

చర్మం మీద రెండు గోటి గాట్లు తెల్లగా ఉండి, ఎర్రబడ్డాయి. ఆయన వాటిని చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. అర్థమైనట్టే నవ్వాడు, ఆట అర్థమైందో, మాటే అర్థమైందో. ఆమె చెయ్యి అందుకుని, గుడ్డ నాణ్యం చూసేటప్పుడు పట్టుకునేట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొంచెం చర్మం తీసుకుని, నొక్కీ నొక్కకుండా నొక్కి, "నొప్పి?" అని అడిగాడు.

ఏమీ నొయ్యలేదు.

"ఆఁ" అంది కాంతవ్వ. "నొప్పి."